ఆకాశాన్ని లెక్కగట్టే బిడ్డలు

సైన్సు చదివితే పిల్లల విశ్వాసం పోతుందేమోనని కొత్తచెరువులో కొందరు తల్లిదండ్రులు మాతో దిగులుగా అంటుంటారు. 1633లో రోము సంఘం గెలీలియోకు శిక్ష వేసింది, నిజమే. అయితే మన వైపు సంగతి ఒకటి వినండి.

ఫ్రెంచి జెస్యూట్ల కర్నాటక మిషనులో దూ షాంప్ అనే ఫాదరు ఉండేవాడు. 1750 ప్రాంతంలో ఆయన కృష్ణాపురం పంచాంగ గణిత పట్టికలను పారిస్‌లోని ఖగోళ శాస్త్రవేత్త డెలిల్‌కు పంపాడు. 1491వ సంవత్సరం మొదలుకొని సూర్యచంద్రుల గమనాన్ని లెక్కగట్టే పట్టికలవి. 1787లో బైయీ తన గ్రంథంలో వాటిని పరిశీలించాడు.

సువార్త చెప్పడానికి వచ్చినవాడు పొరుగువాడి లెక్కను తోసెయ్యలేదు, భద్రంగా అందించాడు. ఆయన మన సంఘంవాడు కాకపోయినా మనకు పాఠమే.

వానకోసం ఆకాశం వైపు చూసే మనం, ఆ ఆకాశాన్ని చదివే బిడ్డలను ఆపవద్దు. 19వ కీర్తన చదివించి బడికి పంపుదాం. ఆమేన్.