వేణువులో దాగిన మాట

బెంగుళూరు నగరంలో శ్రీరామనవమి వచ్చిందంటే చామరాజపేట సంగీతంతో నిండిపోతుంది. 1939లో ఎస్.వి. నారాయణస్వామిరావు స్థాపించిన శ్రీరామ సేవా మండలి కోట ఉన్నత పాఠశాల ఆవరణలో నిర్వహిస్తూ వచ్చిన కచేరీలు దక్షిణ భారతమంతటా పేరెన్నికగన్నవి. అంతకు చాలా ముందే, 1905లో, బెంగుళూరు గాయన సమాజం ఆవిర్భవించింది. ఇటువంటి వేదికలపై కన్నడ దేశపు శ్రోతలు తరతరాలుగా విన్న కృతులలో అధిక భాగం తెలుగు కృతులే. గాయకుడు పాడినప్పుడు ఆ తెలుగు స్పష్టంగా చెవిన పడుతుంది. వేణు విద్వాంసుడు అదే కృతిని వాయించినప్పుడు స్వరం వినపడుతుంది, మాట వినపడదు. అయితే అక్కడ మాట నిజంగా లేనట్లేనా? ఈ ప్రశ్నకు సమాధానం వేణువు చరిత్రలోనే ఉన్నది. ఆ చరిత్ర మన దేశంలో ఒక విధంగా, సుదూరమైన ఫ్రాన్సులో మరొక విధంగా సాగి, చివరకు ఒకే సత్యాన్ని బోధిస్తున్నది.

పాశ్చాత్య దేశాలలో వేణువాదనానికి ఒక విశిష్ట సంప్రదాయాన్ని నెలకొల్పిన ఘనత ఫ్రాన్సుకు దక్కింది. 1707లో జాక్ ఓతెతేర్ అనే విద్వాంసుడు పారిస్‌లో వేణు శిక్షణ గ్రంథాన్ని ప్రకటించాడు. స్వరాలను నాలుకతో ఎలా విడదీసి పలకాలో చెప్పడానికి అతడు ఎంచుకున్నవి ‘తు’, ‘రు’ అనే రెండు అక్షరాలు. ఏ స్వరానికి ‘తు’ అనాలి, ఏ స్వరానికి ‘రు’ అనాలి అన్న వివేచన ఆ గ్రంథంలో ఉన్నది. అనగా పిల్లనగ్రోవి పట్టిన విద్యార్థి మొట్టమొదట నేర్వవలసినది వేలి పని మాత్రమే కాదు, నాలుక పని కూడా.

1795లో పారిస్ కన్సర్వేటరీ ఏర్పడింది. ఫ్రాన్స్వా దెవియెన్ అక్కడ వేణువును బోధించిన తొలి ఆచార్యులలో ఒకడు. ఆనాటి వేణువు కొయ్యతో చేసినది. వేళ్ళు అందే చోటనే రంధ్రాలు ఉండేవి గాని, శుద్ధమైన స్వరానికి అవసరమైన చోట ఉండేవి కావు. జర్మనీలోని మ్యూనిక్ నగరానికి చెందిన థియోబాల్డ్ బోమ్ ఈ లోపాన్ని సవరించడానికి పూనుకున్నాడు. స్వరశాస్త్రం కోరిన స్థానాలలో పెద్ద రంధ్రాలు చేసి, వేళ్ళకు అందని వాటిని మూయడానికి మీటలు అమర్చి, 1847లో లోహపు వేణువును రూపొందించాడు. దానిని తయారుచేసే హక్కును పారిస్ పనివారు పొందారు. 1860లో కన్సర్వేటరీ ఆ వేణువునే స్వీకరించింది. ఫ్రెంచి పనివారు కొన్ని మీటల నడుమ రంధ్రాలు ఉంచి, వేలికొనకు రంధ్రపు స్పర్శ తగిలే ఏర్పాటు చేశారు. నేటికీ ఆ నమూనాకు ఫ్రెంచి నమూనా అనే పేరు.

1893లో పాల్ తఫనెల్ కన్సర్వేటరీలో వేణు ఆచార్యుడైనాడు. ఆయన శిష్యుడు ఫిలిప్ గోబేర్ గురువు ప్రారంభించిన శిక్షణ గ్రంథాన్ని పూర్తిచేయగా 1923లో అది వెలువడింది. క్లోద్ దెబుస్సీ రచించి, 1894లో తొలిసారిగా వినిపించిన ప్రసిద్ధ వాద్యబృంద రచన ఒంటరి వేణునాదంతోనే ఆరంభమవుతుంది. ఆ తరువాతి తరంలో మార్సెల్ మొయిజ్ తన విద్యార్థులచేత సంగీత నాటకాలలోని పాటలను వాయింపజేసేవాడు. గాయకుని ఊపిరి ఎక్కడ ఆగుతుందో, భావం ఎక్కడ పొంగుతుందో వేణువు తెలుసుకోవాలని ఆయన అభిమతం. 1922లో జన్మించిన జాన్ పియేర్ రాంపాల్ ఈ సంప్రదాయాన్ని ప్రపంచమంతటా వినిపించాడు. 1970ల దశకంలో పండిత రవిశంకర్‌తో కలిసి ఆయన వాయించిన రికార్డు రెండు దేశాల శ్రోతలనూ అలరించింది. ఇంత యంత్రనైపుణ్యం సమకూరిన పిదప కూడా ఫ్రెంచి ఆచార్యులు చివరకు విద్యార్థులను పంపినది పాట దగ్గరకే అన్నది గమనింపదగినది.

ఇక మన దేశానికి వస్తే, 1847వ సంవత్సరం ఇక్కడ కూడా చిరస్మరణీయమే. లోహపు వేణువు పుట్టిన ఆ సంవత్సరంలోనే, జనవరి మాసంలో, త్యాగరాజస్వామి తిరువయ్యారులో సిద్ధి పొందారు. తమిళదేశంలో జీవించిన ఆ మహనీయుడు వందలాది కృతులను తెలుగులో రచించి వెళ్ళారు. ఆ కృతులను పలకవలసిన మన వేణువుకు మీటలు లేవు, లోహం లేదు. వెదురుగొట్టం, ఊదడానికి ఒక రంధ్రం, వేళ్ళకు ఎనిమిది రంధ్రాలు, అంతే. ఈ నిరాడంబరతలోనే దాని శక్తి దాగి ఉన్నది. రంధ్రాన్ని సగం మూసి, పావు తెరచి, వేలిని మెల్లగా జరిపి, ఒక స్వరం నుండి మరొక స్వరానికి జారడం వెదురులో సహజంగా సాధ్యమవుతుంది. కర్ణాటక సంగీతానికి ప్రాణమైన గమకం అదే.

ఆలయాలలోను, పురాణాలలోను కృష్ణుని చేత వెలసిన వేణువుకు కచేరీ వేదికపై ప్రధాన స్థానం మాత్రం ఆలస్యంగానే లభించింది. కుంభకోణానికి చెందిన శరభశాస్త్రి (1872–1904) చూపు లేకపోయినా అనన్యమైన సాధనతో దానిని కచేరీ వాద్యంగా నిలిపారు. ఆయన శిష్యులు పల్లడం సంజీవరావు (1882–1962) దాని కీర్తిని దక్షిణమంతటా వ్యాపింపజేశారు. పిదప ‘మాలి’ అని లోకం ముద్దుగా పిలుచుకున్న టి.ఆర్. మహాలింగం (1926–1986) వచ్చారు. ఏడేళ్ళ ప్రాయంలో, 1933లో, మద్రాసు మైలాపూరులో ఆయన తొలి కచేరీ జరిగింది. గాత్రంలో పలికే ప్రతి గమకమూ వేణువులో పలకాలన్నది ఆయన పట్టుదల. అందుకై వేళ్ళ అమరికను, పెదవుల ఒత్తిడిని తానే కొత్తగా సాధన చేసి కనుగొన్నారు. 1965లో కేంద్ర సంగీత నాటక అకాడమీ ఆయనను సత్కరించింది. ఆయన జీవితంలో దీర్ఘకాలం బెంగుళూరులోనే గడిచింది. మాలి శిష్యులైన ఎన్. రమణి (1934–2015) వంటి విద్వాంసుల ద్వారా ఆ బాణీ దేశదేశాలకూ చేరింది.

మాలి నివాసానికి బెంగుళూరు తగిన నగరమే. మైసూరు సంస్థానపు నీడలో ఇక్కడ రెండు సంగీతాలూ పక్కపక్కనే పెరిగాయి. నాల్వడి కృష్ణరాజ ఒడెయరు స్వయంగా వేణువుతో సహా పలు వాద్యాలు వాయించగలిగినవారు. ఆయన ఆస్థానంలో వీణ శేషణ్ణ వంటి వైణికులతో పాటు పాశ్చాత్య వాద్యబృందమూ ఉండేది. ఆయన తరువాత సింహాసనమెక్కిన జయచామరాజ ఒడెయరు పియానో అభ్యసించారు. 1948లో లండన్‌లోని ఫిల్హార్మోనియా కచేరీ సంఘానికి తొలి అధ్యక్షులైనారు. ఆయనే సంస్కృతంలో 94 కృతులు రచించారు. ఆ ఆస్థాన విద్వాంసులైన మైసూరు వాసుదేవాచార్యులు (1865–1961) కన్నడనాట పుట్టి, త్యాగరాజ శిష్యపరంపరకు చెందిన పట్నం సుబ్రహ్మణ్యయ్యరు వద్ద విద్య నేర్చి, తమ కృతులలో అత్యధికం తెలుగు, సంస్కృత భాషలలో రచించారు. కన్నడ గడ్డపై పుట్టిన మహావాగ్గేయకారుడు తెలుగును తన గానభాషగా వరించడం తెలుగువారు గర్వించదగిన విషయం. దానితోపాటు ఒక బాధ్యతను కూడా అది గుర్తుచేస్తుంది.

ఆ బాధ్యత ఏమిటో వేణువే చెబుతుంది. ఓతెతేర్ ‘తు’, ‘రు’ అన్న అక్షరాలతో నేర్పిన విద్యకు మన సంప్రదాయంలో ‘తుత్తుకారం’ అని పేరు. కృతి వాయించే విద్వాంసుడు సాహిత్యంలోని అక్షరాలను అనుసరించి నాలుకతో ఊపిరిని విడదీస్తాడు. ‘వనమాలి’ అన్న మాటను తీసుకుందాం. ‘వనమా’ అని ఊపిరి తీసుకుని ‘లి’ని విడిగా పలికితే స్వరం చెడదు, తాళం తప్పదు, మాట మాత్రం విరిగిపోతుంది. సాహిత్యం ఎరిగిన వాదకుడు అలా ఆగడు. సాహిత్యం ఎరిగిన శ్రోత అలా ఆగితే సహించడు. ఊపిరి ఎక్కడ ఆగాలో నిర్ణయించేది వేలు కాదు, పెదవి కాదు, భాష. కనుకనే పెద్దలు ఏ వాద్యం నేర్చేవారికైనా ముందుగా కృతిని నోటితో పాడించేవారు. మొయిజ్ తన శిష్యులను గాయకుల పాట దగ్గరకు పంపిన దానికీ ఆంతర్యం ఇదే.

కాబట్టి వేణువులో మాట లేదనడం సరికాదు. మాట ఉన్నది, దాగి ఉన్నది. దానిని దాచేవాడు వాదకుడు, వెలికి తీసేవాడు శ్రోత. ఇద్దరిలో ఏ ఒక్కరికి తెలుగు రాకపోయినా కృతి కేవలం మధురమైన వరుసగా మిగులుతుంది. వరుస కూడా అందమైనదే, సందేహం లేదు. కాని త్యాగరాజస్వామి తన రాముని నిలదీసిన వేదన, వాసుదేవాచార్యుల శరణాగతి ఆ వరుసలో నుండి మెల్లమెల్లగా జారిపోతాయి. లిపి మార్చి అక్షరాలు వ్రాసుకుని కంఠస్థం చేసినంత మాత్రాన పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియదు.

ఫ్రెంచివారు తమ వేణు సంప్రదాయాన్ని నిలుపుకొనడానికి రాజధానిలో ఒక మహావిద్యాలయాన్ని ఆలంబనంగా చేసుకున్నారు. మనవారు గురుశిష్య పరంపరను నమ్ముకున్నారు. రెండింటికీ అడుగున కావలసిన పునాది మాత్రం ఒక్కటే. అది పసితనంలో మాతృభాషను చదివించే బడి. ఓనమాలు దిద్దించి, పద్యం వల్లె వేయించి, పదాన్ని విరవకుండా పలకడం నేర్పిన తెలుగు పంతులు సంగీతం నేర్పినవాడు కాకపోవచ్చు. అయినా ఏ వేణు విద్వాంసునికైనా అవసరమైన తొలి పాఠాన్ని చెప్పినవాడు ఆయనే. బెంగుళూరు వంటి బహుభాషా నగరంలో ఒక తెలుగు బడి డెబ్బై అయిదు సంవత్సరాలు నిలవడం ఆ విధంగా సంగీతానికి కూడా చేసిన సేవ. ఆ బడిలో చదివిన బాలుడో బాలికో ఒక సాయంత్రం కచేరీలో కూర్చుని, వేణువు పలికిన వరుసకు పెదవులు కదుపుతూ తెలుగు మాటను జతచేసినప్పుడు, దాగిన మాట మళ్ళీ వెలుగు చూస్తుంది.