తుర్రంఖాన్ ఎవరు?



మన హైదరాబాదు ఇళ్లలో, బజార్లలో ఓ మాట తరచుగా వినబడుతూ ఉంటుంది. కుర్రాడు కాస్త ఛాతీ విరిచి నడిచినా, చెప్పిన మాట వినకపోయినా "ఏరా, పెద్ద తుర్రంఖాననుకుంటున్నావా?" అంటాం. ఎవరైనా లేని పెత్తనం చేస్తే "వచ్చాడండీ తుర్రంఖాన్" అని గొణుక్కుంటాం. తెలుగువాళ్లమూ అంటాం, ఉర్దూ మాట్లాడేవాళ్లూ అంటారు. మన తెలుగులో తుర్రుమనడమంటే పారిపోవడం కదా, అందుచేత పిల్లలైతే తుర్రంఖానంటే ముందు గొప్పలు పోయి తర్వాత పారిపోయేవాడని అర్థం చెప్పుకుంటారు కూడాను. ఈ మాట వెనక నిజంగా ఓ మనిషి ఉన్నాడని చాలామందికి తెలియదు. ఆయన పేరు తుర్రేబాజ్ ఖాన్. తుర్రా అంటే తలపాగాకు పెట్టుకునే కుచ్చు. ఆ పేరే జనం నోట్లో నలిగి నలిగి తుర్రంఖాన్ అయిందని పెద్దలంటారు.

సిపాయీల తిరుగుబాటు అనగానే మనకు మీరట్, ఢిల్లీ, ఝాన్సీ గుర్తుకొస్తాయి. పాఠ్యపుస్తకాల్లో అవే చదువుకున్నాం. 1857లో మన పాతబస్తీ కూడా ఉడికిపోయింది. ఆ ఏడాది మే నెలలో నిజాం నాసిరుద్దౌలా చనిపోయి, ఆయన కుమారుడు అఫ్జలుద్దౌలా గద్దెనెక్కారు. దివాను మొదటి సాలార్‌జంగ్. మూసీకి అవతల, ఇప్పటి కోఠిలో, రెసిడెన్సీ భవనంలో ఇంగ్లీషువాళ్ల ప్రతినిధి కర్నల్ డేవిడ్‌సన్ ఉండేవాడు. దానికి నాలుగేళ్ల ముందే, 1853లో, అప్పుల కింద బీరారును ఇంగ్లీషువాళ్లు తమ చేతిలోకి తీసుకున్నారు. జనం మనసులో ఆ మంట ఆరలేదు. దానికి తోడు ఢిల్లీ నుంచి రోజుకో కబురు వచ్చేది.

ఔరంగాబాదు అప్పుడు నిజాం రాజ్యంలోది. నిజాం ఖర్చుతో, ఇంగ్లీషు అధికారుల కింద నడిచే కంటింజెంట్ అనే సైన్యం ఒకటి ఉండేది. అక్కడి రౌతులకు ఢిల్లీ మీదికి నడవాలన్న ఆజ్ఞ వస్తుందని తెలిసి, మనవాళ్ల మీద మేం కత్తి ఎత్తమన్నారు. వారిలో చీదాఖాన్ అనే జమాదారు కొద్దిమంది తోటివారితో తప్పించుకుని హైదరాబాదు వచ్చాడు. నిజాం దగ్గర ఆశ్రయం దొరుకుతుందని ఆయన ఆశ. సాలార్‌జంగ్ ఆయన్ను పట్టించి, రెసిడెన్సీకి అప్పగించారు. ఆ కబురు చార్మినార్ చుట్టుపక్కల గుప్పుమంది. శరణని వచ్చినవాణ్ణి శత్రువు చేతిలో పెట్టడమేమిటని ఊరు ఊరంతా భగ్గుమంది.

జూలై 17, శుక్రవారం. మక్కా మసీదులో నమాజుకు చేరిన జనం చీదాఖాన్‌ను విడిపించాలని పట్టుబట్టారు. ఆ జనానికి ఇద్దరు ముందు నిలిచారు. ఒకరు మౌల్వీ అల్లావుద్దీన్, రెండోవారు బేగంబజారులో ఉండే రోహిల్లా జమాదారు తుర్రేబాజ్ ఖాన్. రోహిల్లాలంటే పఠాన్ల సంతతి. సిపాయి కొలువుల కోసం దక్కనుకు వచ్చినవారు. మన పల్లెల్లో వారికి మంచిపేరేమీ లేదు. అప్పులిచ్చి గుమ్మంలో కూర్చుని వసూలు చేస్తారని భయపడేవారు. అలాంటివారిలోంచి వచ్చినవాడు ఈయన. ఒక్క సంగతి మాత్రం మనం గమనించాలి. ఆ సాయంత్రం తుర్రేబాజ్ ఖాన్‌ను ఏ నవాబూ పంపలేదు, ఏ ఖజానా నుంచీ జీతం అందలేదు. చీదాఖాన్ ఆయనకు చుట్టమూ కాదు. తనంతట తానుగా వెళ్లాడు.

సుమారు 500 మంది రోహిల్లాలు, వారి వెంట ఊరి జనం రెసిడెన్సీ మీదికి నడిచారు. పుత్లీబౌలీ వైపు రెసిడెన్సీ గోడకు ఎదురుగా రెండు పెద్ద ఇళ్లుండేవి. ఒకటి అబ్బన్ సాహెబుది, మరొకటి జయగోపాల్‌దాస్ అనే సాహుకారుది. తుర్రేబాజ్ ఖాన్ మనుషులు ఆ ఇళ్లెక్కి లోపలికి కాల్పులు మొదలుపెట్టారు. తోట తలుపు విరగ్గొట్టారు కూడా. లోపల మేజర్ బ్రిగ్స్ ఫిరంగులు సిద్ధం చేసుకుని ఉన్నాడు. వీరి దగ్గర ఉన్నవి తుపాకులూ, కత్తులూ. పొద్దుగూకే వేళ మొదలైన పోరు తెల్లవారుజామున 4 గంటల దాకా సాగింది. ఫిరంగుల ముందు ఎంతసేపని నిలుస్తారు? చీకటి ఉండగానే వెనక్కి తగ్గారు. చీదాఖాన్‌ను విడిపించలేకపోయారు.

అయిదు రోజులకే, జూలై 22న, ఊరు దాటబోతూ తుర్రేబాజ్ ఖాన్ పట్టుబడ్డాడు. మౌల్వీ అల్లావుద్దీన్ ఎక్కడ దాక్కున్నాడో చెప్పమని ఎంత ఒత్తిడి చేసినా నోరు విప్పలేదంటారు. ద్వీపాంతర శిక్ష వేశారు. అండమాన్లకు పంపే లోపలే, 1859 జనవరి 18న, కావలివాళ్ల సాయంతో ఆయన తప్పించుకున్నాడు. చూశారా, మన పిల్లలు చెప్పే అర్థం ఇక్కడ ఒక్కచోట సరిపోయింది. నిజంగానే తుర్రుమన్నాడు! పట్టించినవారికి 5,000 రూపాయల బహుమానం ప్రకటించారు. ఆ రోజుల్లో 5,000 అంటే మాటలా! ఆరు రోజులు గడిచాయి. జనవరి 24న నాగపూరు దారిలో తూప్రాన్ దగ్గర తాలూక్‌దారు కుర్బాన్ అలీ బేగ్ మనుషులు ఆయన్ను చుట్టుముట్టి చంపేశారు. శవాన్ని ఊళ్లోకి తెచ్చి, జనం చూసి భయపడాలని రెసిడెన్సీ దగ్గర బహిరంగంగా వేలాడదీశారు. మౌల్వీగారు కూడా ఆ తర్వాత పట్టుబడి, అండమాన్లకు వెళ్లి, ఎన్నో ఏళ్ల తర్వాత అక్కడే కన్నుమూశారు.

చరిత్రలో తుర్రేబాజ్ ఖాన్ మనకు కనబడేది ఆ పద్దెనిమిది నెలలే. ఆ శుక్రవారానికి ముందు ఆయన గురించి మనకు తెలిసింది తక్కువే.

ఇందులో సాలార్‌జంగ్‌ను తిట్టిపోయడం సులువే. కాని గృహిణులం మనకు తెలుసు, ఇల్లు నిలబెట్టే మనిషి కష్టం వేరుగా ఉంటుంది. నిజాం చేజారితే దక్షిణాదంతా చేజారినట్లేనని ఇంగ్లీషువాళ్లు వణికిపోయిన రోజులవి. హైదరాబాదు తిరగబడి ఓడిపోయి ఉంటే ఢిల్లీ గతే పట్టేది. అక్కడ గెలిచినవాళ్లు ఊరి జనాన్ని తరిమేసి, మహళ్లను పడగొట్టారు. మన చార్మినార్, మన మక్కా మసీదు, మన గల్లీలు అలాంటి రోజు చూడలేదు. ఆ లెక్క దివానుగారిది. అందుకు ప్రతిఫలమూ ముట్టింది. 1860 ఒప్పందంలో నిజాం బాకీ 50 లక్షల రూపాయలు రద్దయింది, రాయచూరు, ధారాశివ్ ప్రాంతాలు తిరిగి వచ్చాయి. ఒక పక్క 50 లక్షలు, ఒక పక్క 5,000. దివానుగారి వంశం పేరుతో మూసీ ఒడ్డున మ్యూజియం ఉంది, దేశదేశాల వాళ్లు టిక్కెట్టు కొని చూస్తారు. జమాదారుగారి పేరు మన తిట్లలో మిగిలింది.

అలాగని ఊరు ఆయన్ను పూర్తిగా మరిచిందనీ అనకూడదు. కోఠిలో 1857 స్మారకం నిలబెట్టారు. అక్కడ ఒక రోడ్డుకు తుర్రేబాజ్ ఖాన్ పేరు పెట్టారు. ఆయన లోపలికి వెళ్లలేకపోయిన ఆ రెసిడెన్సీ కూడా ఇంగ్లీషువాళ్లది కాకుండా పోయింది. 1949 నుంచి అది ఆడపిల్లల కాలేజీ. ఇప్పుడు చాకలి ఐలమ్మ పేరుతో మహిళా విశ్వవిద్యాలయం అయింది. మన ఇళ్ల నుంచి ఎంతమంది అక్కచెల్లెళ్లు, కూతుళ్లు అక్కడి మెట్లెక్కి చదువుకున్నారో! ఆ గోడ బయట ఒక రాత్రంతా ఫిరంగులకు ఎదురు నిలిచినవారెవరో వారిలో ఎందరికి తెలుసు?

స్మారకాలు కట్టడం ప్రభుత్వాల పని. అవి రోజూ బస్సుల హోరులో, జనం రద్దీలో ఎవరికంటా పడకుండా ఉండిపోతాయి. మాట మాత్రం మన చేతిలో ఉంది. ఒక మనిషిని వేలాడదీసి, ఇలాంటివాడు కావద్దని చెప్పింది ఇంగ్లీషువాళ్లు. పెద్ద తుర్రంఖానువా అని బిడ్డను గదమాయించినప్పుడు మనం ఆ పాఠాన్నే అప్పజెబుతున్నామేమో ఆలోచించండి. ఆ మాట మానెయ్యమని నేననను, ఇన్నేళ్లు నాలుక మీద ఉన్నది ఒక్క ప్రసంగంతో పోదు. పోనక్కర్లేదు కూడా. ఆ మాటే లేకపోతే పేరు కూడా పోయి ఉండేది. అన్నప్పుడు పక్కనే నాలుగు ముక్కలు కలిపి చెబితే చాలు. అప్పగించబడిన ఒక సిపాయిని విడిపించడానికి వెళ్లాడనీ, ఎవరూ పిలవకుండానే వెళ్లాడనీ, తోటివాణ్ణి పట్టివ్వలేదనీ చెప్పండి. సుల్తాన్‌బజారుకు చీరలకో, పిల్లల పుస్తకాలకో కోఠి వెళ్లినప్పుడు రెండు నిమిషాలు ఆగి, ఆ స్మారకం చూపించండి.

రేపు మీ అబ్బాయి "అవునమ్మా, తుర్రంఖాన్‌నే" అని ఎదురు చెబితే కోపగించుకోకండి. అన్నం పెట్టి, ఎవరిని విడిపించడానికి బయల్దేరావు నాయనా అని అడగండి.