మిరపకు ముందు మన విస్తరి

ముద్దపప్పుకు ఆవకాయ, పెరుగన్నానికి మాగాయ, పప్పుచారుకు వడియాలు, గోంగూరకు పచ్చి ఉల్లిపాయ, పెసరట్టుకు అల్లప్పచ్చడి. ఈ జతలు మనకు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. గోరుముద్దల వయసులోనే పట్టుబడిపోయాయి. నా పుట్టిల్లు కోనసీమ, అత్తిల్లు తెనాలి పక్క పల్లె. ఇటు రెండిళ్ళ వంటా వండుతూ, అటు కాలేజీలో ప్రబంధాలు పాఠం చెబుతూ వచ్చినదాన్ని. నంజుకునే ఈ పద్ధతి మిరపకాయ కంటే పాతదని నా గట్టి నమ్మకం. మిరపకాయ వచ్చి, అప్పటికే వేసి ఉన్న పీట మీద కూర్చుంది.

నా నమ్మకానికి మొదటి సాక్షి శ్రీకృష్ణదేవరాయలు. ఆయన 1509 నుంచి 1529 దాకా ఏలాడు. ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు ఏ కాలంలో అతిథులకు ఏం వడ్డించేవాడో వరసగా చెప్పాడు. వానాకాలంలో వరి అన్నం, ఒలిచిన పప్పు, నాలుగైదు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, దండిగా నెయ్యి. ఎండాకాలంలో నులివెచ్చని అన్నం, తియ్యటి చారు, మజ్జిగపులుసు, పలుచటి అంబలి, చెరకురసం, ఊరిన మామిడిపిందెలు, నీరుమజ్జిగ. చలికాలానికి మిరియాల పొడి వేసిన వేడివేడి కూరలు, ముక్కు అదిరే ఆవపచ్చళ్ళు, ఊరగాయలు, పాయసం, కరిగిన నెయ్యి. ఈ పద్యాలు చెప్పినప్పుడల్లా క్లాసులో ఎవరో ఒకరు అడిగేవారు, "మరి మిరపకాయ ఏదండీ?" అని. నాకు ఎంతో ఇష్టమైన ప్రశ్న అది.

మిరప అమెరికా ఖండపు మొక్క. పదహారో శతాబ్దంలో పోర్చుగీసుల ఓడల మీద మన పడమటి తీరానికి చేరింది. రాయలు పట్టమెక్కిన మరుసటి ఏడే, 1510లో, వాళ్ళు గోవాను పట్టుకున్నారు. అయినా మిరప ఒక్కసారిగా వంటిళ్ళలోకి దూకలేదు. 1590 ప్రాంతాల అబుల్ ఫజల్ రాసిన ఐనీ అక్బరీలో వంటల దినుసులు చదివితే మిరియాలు కనిపిస్తాయి, మిరప కనిపించదు.

అంతకు ముందు కారమంటే మిరియాలు, పిప్పళ్ళు, అల్లం, శొంఠి, ఆవాలు. పన్నెండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో మినపపిండితో చేసే ఇడ్డరిక ఉంది. దానికి మిరియప్పొడి, జీలకర్ర, ఇంగువ పట్టించేవాళ్ళు. ఇవాళ మనం ఇడ్లీని పల్లీచట్నీలో ముంచుతాం. ఆ పల్లీ, అందులోని మిరపకాయ, రెండూ సముద్రం దాటి వచ్చినవే. అల్లప్పచ్చడిలో మాత్రం అల్లం, చింతపండు, బెల్లం ముందునుంచీ మన దగ్గరున్నవే, మిరప ఒక్కటే కొత్తది. రాయలసీమలో సంగటికి తోడయ్యే ఊరిబిండి అయితే చింతపండు తప్ప దాదాపు అంతా కొత్త సరుకే.

నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పాలని ఉన్నది ఆవ గురించి. మా అమ్మ అరటికాయ కూరకు, కందాబచ్చలికి, పనసపొట్టుకు ఆవ పెట్టేది. కూర దింపి, వేడి కాస్త తగ్గాక, అప్పటికప్పుడు రోట్లో నూరిన పచ్చి ఆవముద్ద కలిపేది. పొయ్యి మీదుండగా కలపబోతే "ఘాటు చచ్చిపోతుందే" అని చెయ్యి పట్టుకునేది. ఆ మాటలో శాస్త్రం ఉంది. నలగని ఆవగింజలో ఘాటు లేదు. సినిగ్రిన్ అనే పదార్థం, మైరోసినేజ్ అనే ఎంజైము గింజలో వేర్వేరు చోట్ల ఉంటాయి. నూరి తడి తగిలించినప్పుడు అవి రెండూ కలుస్తాయి, అప్పుడు పుడుతుంది ముక్కుకెక్కే ఆ నూనె. వేడి తగిలితే ఎంజైము పనిచేయడం మానేస్తుంది. అందుకే పోపులో చిటపటలాడిన ఆవాలు ఎవరి కళ్ళా నీళ్ళు తెప్పించవు. ఆవకాయకు ఆవాలు వేయించకుండా ఎండబెట్టి కొట్టేదీ అందుకే.

ఆ ఘాటు గాలిలోకి లేచేది, కనుక ముక్కు నుంచి మాడుకెక్కి వెంటనే దిగిపోతుంది. మిరపలోని క్యాప్సైసిన్ అలా లేవదు. నీళ్ళకు కరగదు, నాలుకను వదలదు. కొవ్వుకు మాత్రం లొంగుతుంది. ఆవకాయన్నంలో నెయ్యి ధార, చివర పెరుగు ఎందుకంత ఊరటనిస్తాయో దీన్నిబట్టి అర్థమవుతుంది. రాయల విస్తరిలో నెయ్యీ పెరుగూ ముందే ఉన్నాయి, కొత్త కారానికి విరుగుడు కొత్తగా వెతుక్కోనక్కర్లేకపోయింది. చప్పగా, పిండిగా ఉండే అరటికాయకూ కందకూ ఆవ కుదిరినట్టు మిరపకారం కుదరదని నా అభిప్రాయం. మిరప కూర రుచిని కప్పేస్తుంది, ఆవ దాన్ని లేపి వదిలేస్తుంది.

మా అత్తగారు దీనికి ఒప్పుకునేవారు కాదు. నేను ఆవ పెట్టిన కూర వడ్డిస్తే ముక్కు నలుపుకుని, "ఇదేం కారం అమ్మాయ్, ఇలా వచ్చి అలా పోయింది" అనేవారు. ఆవిడ లెక్కలో కారమంటే సంక్రాంతి రోజుల్లో పండుమిరపకాయలు ఉప్పూ చింతపండూ వేసి తొక్కిన పచ్చడి. జాడీలోంచి కావలసినంత తీసి, నూరి, పోపు పెట్టి, వేడన్నంలో వెన్నపూసతో కలుపుకోవాలి. ఆ రుచి ముందు నేనూ తల వంచుతాను. రెండిళ్ళ ఆవకాయ కొలతల్లోనూ ఇదే తేడా. మా అమ్మ ఆవపిండి, కారం, ఉప్పు సమానంగా కొలిచేది. అత్తగారింట కారం గిన్నె మీద గోపురం కట్టేది, ఆవపిండి తగ్గేది, వెల్లుల్లి చేరేది. తెలంగాణలో చాలా ఇళ్ళు అల్లంవెల్లుల్లి ముద్ద కూడా కలుపుతాయి.

మిరప గెలవడానికి రుచి ఒక్కటే కారణం కాదు. మిరియాలు మలబారు కొండల తీగకు కాసేవి. తీరాంధ్ర పల్లెకు అవి కొనుక్కునే సరుకు. మిరప పెరటి మడిలో కాస్తుంది, కళ్ళంలో ఎండుతుంది, ఏడాది నిలవుంటుంది. రాయలే వానాకాలంలో వ్యవసాయం చేసే రెడ్ల తిండి చెప్పాడు: అరికెల అన్నం, అందులోకి చెంచలి, తుమ్మి లాంటి ఆకులు చింతచిగురుతో కలిపి నూనెలో వేయించిన కూర. మిరియాల ఊసు అక్కడ లేదు. అటువంటి ఇంటికి డబ్బు పెట్టకుండా కారం తెచ్చిపెట్టింది మిరపే. దాన్ని పరాయిదని చిన్నచూపు చూడటం నాకు నచ్చదు. గుంటూరు నల్లరేగళ్ళు దాన్ని ఎంత సొంతం చేసుకున్నాయంటే, ఇవాళ ఆ ఊరి మిర్చి యార్డు ఆసియాలోనే అతి పెద్దదని పేరు, లాం పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన రకాలు ఎన్నో జిల్లాల్లో పండుతున్నాయి.

మిరప అడుగు పెట్టని చోట్లూ ఉన్నాయి. పూరీ జగన్నాథుడి మహాప్రసాదంలో మిరప, బంగాళాదుంప, టమాటా వాడరు. తిరుమల వడలో, పొంగలిలో కారం మిరియాలదే. మా పుట్టింట తద్దినం నాడు ఎండుమిరపకాయ డబ్బా అటక దిగదు. కూరలకు మిరియప్పొడి, పచ్చడికి అల్లం, అరటికాయకు ఆవ. బాలింతకు మొదటి ముద్దలో శొంఠిపొడీ నెయ్యీ పెట్టే ఆచారం రెండు వైపులా ఉంది.

ఇప్పుడు పెళ్ళి విందుల్లో టమాటాలు వేసిన ఎర్రటి పచ్చడి ఒక్కటే పులిహోర నుంచి పెరుగన్నం దాకా అన్నిటికీ సరిపెడుతున్నారు. నాకు అది బాధ. గోదావరి జిల్లాల్లో పాతకాలపు వంటవాళ్ళు కొందరు ఇంకా పులిహోరకూ పనసపొట్టుకూ ఆవ పెడుతున్నారు. ముందుగా నూరి ఉంచితే ఘాటు పోతుంది కాబట్టి విస్తళ్ళు పరిచే వేళకు నూరుతారు. పొడి ప్యాకెట్లలో ఆ ఘాటు సగమైనా ఉండదు. గింజలే కొనుక్కుని, చిటికెడు ఉప్పు వేసి, చన్నీళ్ళతో మిక్సీలో తిప్పితే చాలు. చిక్కటి పెరుగులో కలిపి పచ్చికొబ్బరి కోరు వేస్తే ఆవపెరుగు పచ్చడి అయిపోతుంది. కందిపప్పన్నంలోకి అది బాగుంటుంది, చలికాలంలో మరీను.