బారసాల పుస్తకం

మా ఇంట్లో ఎర్ర అట్ట వేసిన నలభై పేజీల పుస్తకం ఒకటుంది. అట్ట మీద పసుపు బొట్టు, లోపల నా చిన్నప్పటి దస్తూరి. 1974లో మా తమ్ముడు పుట్టినప్పుడు రాసిందది. అప్పటికి నాకు పదకొండేళ్లు. మామ్మకి చదువు రాదు, అమ్మ పురిటి గదిలో ఉంది. మామ్మ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఎవరు ఏం తెస్తే అది రాయమంది. పెళ్లిలో చదివింపులు రాసినట్టే. రేపు వాళ్లింట్లో పురుడొస్తే మనం ఏం పట్టుకెళ్లాలో తెలియాలి కదా.

మొదటి పేజీలో ఇలా ఉంది: మెంతులు సోలెడు. పాత బెల్లం అచ్చు ఒకటి. నెయ్యి గిద్దెడు. ఉతికిన పాత చీరలు రెండు. కట్టెల మోపు. పిడకలు బుట్టెడు. కోడిపెట్ట. వెల్లుల్లి. గంగవరం నుంచి పాలసొర, రెండుసార్లు. డబ్బులు రాసిన వరసలు మొత్తం పుస్తకంలో నాలుగే ఉన్నాయి.

రెండో పేజీ నుంచి వస్తువులు తగ్గి వేరేవి మొదలవుతాయి. "నీళ్లు తోడడం, అయిదు రోజులు." "పొద్దుటి వంట, మూడు రోజులు." "గుడ్డలు ఉతకడం, బారసాల దాకా." "రాత్రి తోడు పడుకోవడం, ఆరు రాత్రులు." ఇవి కూడా రాయాలా అని అడిగాను మామ్మని. "అవే ముందు రాయే. బెల్లం బాకీ బెల్లంతో తీరిపోద్ది. సాకిరీ బాకీ ఐతే మర్సిపోతాం" అంది.

ఇదంతా జరిగిన మా ఊరు ఇప్పుడు లేదు. విశాఖ స్టీలు ప్లాంటు ప్రహరీ లోపల ఏదో చోట మా అరుగు ఉండేది. నేనిప్పుడు ఉంటున్నది కూర్మన్నపాలెంలో, జాతీయ రహదారి మీది ప్లాంటు ఆర్చికి నడిచేంత దూరంలో. ముప్పై ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా చేసి ఇంటిపట్టున ఉన్నాను. ఎన్ని వందల మంది బాలింతల్ని చూశానో లెక్క రాసుకోలేదు. కానీ ఎవరింటికి వెళ్లినా ఈ ఎర్ర పుస్తకమే గుర్తొస్తుంది.

అందులో ఉన్న వస్తువుల్లో ఒక్కటి కూడా అలంకారానికి పనికొచ్చేది కాదు. పాత చీరలు దేనికంటే పొత్తిళ్లకి. పుట్టిన బిడ్డకి కొత్త బట్ట వెయ్యకూడదని శాస్త్రంలా చెప్పేవారు గానీ, అసలు సంగతి మెత్తదనం. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి నలిగిన నూలు చీర పసిచర్మాన్ని గీరదు, తడి పీల్చుకుంటుంది, ఎండలో గంటలో ఆరుతుంది. ఒక చీర చింపితే డజనుకి పైగా గుడ్డలు వచ్చేవి. కట్టెలూ పిడకలూ పురిటి స్నానపు నీళ్లు కాగడానికి, సాంబ్రాణి పొగకి.

బెల్లం, నెయ్యి, మెంతులు, వెల్లుల్లి వంటింట్లో కలిసిపోయేవి. పాత బెల్లంతో కాయం చేసేవారు. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు, వాము, జీలకర్ర విడివిడిగా వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో వేసి, నెయ్యి పోస్తూ ఉండకట్టే దాకా కలపాలి. ఇద్దరు ఆడవాళ్లకి ఒక పూట పని. ఉసిరికాయంత ఉండ పొద్దున్నే పెట్టేవారు. మాకు అనకాపల్లి బెల్లం మార్కెట్టు దగ్గర కాబట్టి బెల్లానికి లోటు లేదు. పిప్పళ్లే దొరికేవి కావు. అందుకే పిప్పళ్లు తెచ్చినవాళ్ల పేరు కింద మామ్మ నాచేత గీత గీయించింది.

పాలసొర సంగతి కొంచెం ఆగి చెప్పాలి. గంగవరం జాలరి ఆడవాళ్లు గంపల్లో చేపలు తెచ్చి, ఊళ్లో బాలింత ఉందంటే చిన్న సొరని పక్కకి తీసి ఉంచేవారు. దాన్ని ఉడికించి, చర్మం తీసి, ముళ్లు ఏరి, వెల్లుల్లి వేసి పొడిపొడిగా వేయిస్తే సొరపిట్టు. అది తింటే పాలు పడతాయని మా తీరమంతా నమ్మకం. చాలా ఏళ్ల తర్వాత ఓ పుస్తకంలో చూశాను, ఆ చేపని ఇంగ్లీషులోనూ 'మిల్క్ షార్క్' అనే అంటారట. మన దేశపు ఈ నమ్మకం నుంచే ఆ పేరు వచ్చిందట. పాలు పడ్డం సొర మహిమో కాదో నేను చెప్పలేను. పాలు పడేది బిడ్డ చీకితే, తల్లి తింటే, నిద్రపోతే. ఒకరు ముళ్లు ఏరి పెట్టిన చేప ముక్క ఆ మూడింటిలో ఒకదానికి సాయం, అంతవరకూ నాకు అనుమానం లేదు.

మంచం కింద కొడవలి పెట్టేవారు. బాలింత దగ్గర ఇనుము ఉండాలని, గాలీ ధూళీ సోకదని. ఉక్కు కర్మాగారం రాకముందే మా పురిటి గదుల్లో ఇనుము ఉండేది. గాలి సోకుతుందన్న భయంతోనే బాలింతని రాత్రిళ్లు ఒంటరిగా వదిలేవారు కాదు, ఎవరో ఒకరు పక్కన పడుకునేవారు. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. కానీ మూడో రోజో నాలుగో రోజో కారణం తెలియకుండా ఏడుపొచ్చే పచ్చి బాలింత పక్కన మనిషి ఉండడం ఎంత అవసరమో తెలుసు.

ఆ రోజుల్ని బంగారం అనడానికి నాకు నోరు రాదు. నాకంటే ముందు మా అమ్మకి ఒక మగబిడ్డ పుట్టాడు. ఎనిమిదో రోజున దవడలు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగి పోయాడు. ధనుర్వాతం. మంత్రసాని బొడ్డు కోసిన కొడవలి వల్లో, బొడ్డు మీద అద్దిన బూడిద వల్లో. మంచం కింద కాపలాకి పెట్టిన ఇనుమూ అదే. గర్భిణులకి టీకాలు వచ్చి, కాన్పులు ఆసుపత్రులకి మారి, ఆ జబ్బు మన దేశంలో అదుపులోకి వచ్చిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించేసరికి 2015 వచ్చింది. ఆ వార్త చదివి అమ్మకి చెప్పాను. కొంగుతో మొహం తుడుచుకుంది, ఏమీ అనలేదు.

ముర్రుపాలు పిండి పారబోసేవారు. బిడ్డ నాలిక మీద ఆముదం, తేనె రాసేవారు. బాలింతకి దాహమేస్తే గుక్కెడు నీళ్లిచ్చి, పొట్ట పెరుగుతుందని ఆపేవారు. ఇవన్నీ తప్పు. ముర్రుపాలే బిడ్డకి మొదటి రక్షణ, ఏడాది నిండని బిడ్డకి తేనె ప్రమాదం, పాలిచ్చే తల్లికి నీళ్లు కావాలి. ఉద్యోగంలో సగం కాలం నేను పోట్లాడింది వీటి మీదే, అదీ ఎక్కువగా మామ్మలాంటి వాళ్లతోనే.

ఇంకొకటి కూడా ఆ రోజుల్లో ఉండేది, నూతిలో చేద వెయ్యడం. ఇరవై ఒకటో రోజున బాలింతకి తలంటి, నూతి దగ్గరికి తీసుకెళ్లి, నూతికి పసుపూ కుంకుమా పెట్టించి, చేద వేయించేవారు. ఆ రోజు దాకా ఆమె నీళ్లు తోడకూడదు, పొయ్యి ముట్టకూడదు. మైల అని ఆమెని మూలన కూర్చోబెట్టారు, అది చిన్నచూపే. అయినా పొలం పని, ఇంటి పని తప్పని ఆడదానికి ఏడాదిలో దొరికిన సెలవు కూడా అదే. ఈ దేశంలో ప్రసూతి సెలవు చట్టం 1961లో వచ్చింది, పన్నెండు వారాలు. 2017లో ఇరవై ఆరు వారాలయింది. అది ఉద్యోగం ఉన్న ఆడవాళ్లకి. మిగిలినవాళ్లకి నుయ్యే చట్టం.

ఆ నుయ్యీ ఊరితోపాటే పోయింది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని రాష్ట్రమంతా లేచింది. 32 మంది ప్రాణాలు పోయాయి. 1970లో కర్మాగారం ప్రకటన వచ్చింది, 1971 జనవరిలో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 64 గ్రామాల భూములు తీసుకున్నారు, 16 వేలకి పైగా కుటుంబాలు కదిలాయి. అగనంపూడి, వడ్లపూడి, పెదగంట్యాడ చుట్టుపక్కల పునరావాస కాలనీలు లేచాయి. మేం 1981లో ఇల్లు ఖాళీ చేశాం. పరిహారం గురించి, నిర్వాసితులకిచ్చిన ఆర్ కార్డు ఉద్యోగాల గురించి చాలామంది రాశారు. ఎర్ర పుస్తకంలో ఉన్న బాకీలు ఏమయ్యాయో ఎవరూ రాయలేదు. మూడు రోజులు వంట చేసిన ఆవిడ ఒక కాలనీలో, ఆరు రాత్రులు తోడు పడుకున్న ఆవిడ ఇంకో కాలనీలో, నీళ్లు తోడిన వాళ్లు ఏ బంధువుల ఊరికో వెళ్లిపోయారు. అమ్మ తీర్చాల్సినవీ తీరలేదు, ఆమెకి రావాల్సినవీ రాలేదు.

1984లో నా మొదటి కాన్పుకి కాలనీలో మా వీధిలో అయిదు ఊళ్ల వాళ్లున్నారు. ఒకరి పేరు ఒకరికి సరిగ్గా తెలియదు. ఇరవై ఒకటో రోజున అమ్మ నన్ను వీధి కుళాయి దగ్గరికి తీసుకెళ్లి, కుళాయికి బొట్టు పెట్టించి, బిందె పట్టించింది. లైన్లో ఉన్న ఆడవాళ్లు బిందెలు పక్కకి జరిపి దారిచ్చారు. అక్కడే ఒకావిడ "రేపట్నుంచి నీ బిందె నేను పడతానమ్మా, నువ్వు రాకు" అంది. అదే కాలనీలో నా మొదటి బాకీ.

తర్వాత ప్లాంటు పనికి దేశం నలుమూలల నుంచీ జనం వచ్చారు. 1990లో మొదటి బ్లాస్ట్ ఫర్నేసు, గోదావరి అని దాని పేరు, వెలిగిన ఏడాదే నా రెండో కాన్పు. మా పక్క వాటాలో బీహారు నుంచి వచ్చిన కాంట్రాక్టు పనివాడి భార్య అద్దెకుండేది. నాకు హిందీ రాదు, ఆమెకి తెలుగు రాదు. ఒక స్టీలు డబ్బాలో లడ్డూలు తెచ్చింది. కొరికితే శొంఠి ఘాటు, బెల్లం, నెయ్యి, జీడిపప్పు. సోంఠౌరా అంది. మా మామ్మ కాయమే, పేరు మారి వచ్చింది. మా ఆయన ప్లాంటులో రాత్రి సి షిఫ్టు చేసొచ్చి పగలు పడుకుంటే, పిల్ల ఏడవకుండా ఆమే ఎత్తుకుని రెండు గంటలు తన గదిలో ఉంచుకునేది. మామ్మ మాట గుర్తొచ్చి ఎర్ర పుస్తకం తీసి, పదహారేళ్ల తర్వాత ఒక వరస రాశాను: "పిల్లని ఎత్తుకోవడం, రోజుకి రెండు గంటలు, నెల."

మరుసటి ఏడాది నుంచి అంగన్‌వాడీ. బాలింత చేతికి వెళ్లేవి మారడం అక్కడినుంచే చూశాను. పాత చీర ఇస్తే చిన్నతనం అయింది. పౌడరు, నూనె, సబ్బు పెట్టిన అట్టపెట్టెలు వచ్చాయి. నెల దాటితే పట్టని గౌన్లు వచ్చాయి. అన్నిటికంటే నన్ను బాధపెట్టింది పాలడబ్బా. చూడ్డానికి వచ్చినవాళ్లు డబ్బాపాలు తెస్తే అది గొప్ప. పాలడబ్బాల ప్రచారం, ఉచిత నమూనాలు నిషేధిస్తూ 1992లోనే చట్టం వచ్చింది. బంధువు చేతిలో ఉన్న డబ్బాని ఏ చట్టం ఆపుతుంది? డబ్బా ఇంట్లో ఉంటే మూడో రాత్రి ఏడుపుకి అది తెరుచుకుంటుంది. తెరుచుకున్న ఇళ్లలో చాలాచోట్ల తల్లిపాలు తగ్గిపోవడం నా రిజిస్టర్లో చూశాను.

ప్రభుత్వం ఇచ్చినవాటిలో నాకు నచ్చింది 2013లో అమృత హస్తం పేరుతో మొదలైన భోజనం. గర్భిణికీ బాలింతకీ కేంద్రంలోనే ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు. ఇంటికి సరుకు పంపితే అది అందరి కంచాల్లోకీ పోతుంది. కేంద్రంలో ఆమె కూర్చుని, వేరొకరు వండింది తినేది. 2016లో మన దగ్గర ఎన్టీఆర్ బేబీ కిట్, 2017 జూన్‌లో తెలంగాణలో కేసీఆర్ కిట్ వచ్చాయి. కేసీఆర్ కిట్లో 16 వస్తువులు ఉండేవి, దానితోపాటు ఆడపిల్లైతే 13 వేలు, మగపిల్లాడైతే 12 వేలు ఇచ్చేవారు. ఫిన్లాండులో ఇలాంటి పెట్టె 1938లో పేద తల్లులకి మొదలైంది, 1949 నుంచి అందరికీ ఇస్తున్నారు. నాలుగో నెల నిండకముందే వైద్య పరీక్ష చేయించుకోవాలన్నది అక్కడి షరతు. పెట్టె ఆశ చూపి తల్లిని ఆసుపత్రికి రప్పించడం, ఇది తెలివైన కానుక. మన కిట్ల వెనక ఉన్న ఆలోచనా అదే, సర్కారు ఆసుపత్రిలో కాన్పు జరగాలని.

2022లో మా అమ్మాయి కాన్పు అయింది. ఆపరేషను. కూర్మన్నపాలెంలో మూడో అంతస్తు ఫ్లాటు. లిఫ్టు పది రోజులు పనిచెయ్యలేదు. వచ్చిన గౌన్లు లెక్కపెట్టాను, ఇరవై రెండు. ఎలుగుబంటి బొమ్మలు నాలుగు. వచ్చినవాళ్లందరూ సోఫాలో కూర్చున్నారు, అమ్మాయి కుట్లు పట్టుకుని లేచి కాఫీ పెట్టబోయింది. వద్దని నేను వంటగదిలోకి వెళ్తే అక్కడ ఏడుపొచ్చింది నాకు. కింద ఇడ్లీ బండి పెట్టుకునే ఆవిడ మాత్రం తలుపు దగ్గరే నిలబడి అడిగింది: "పిన్నీ, పొద్దున కూర తెచ్చీనా, రాత్రికి తెచ్చీనా?" పన్నెండు రోజులు రాత్రి కూర తెచ్చింది. కారం తగ్గించి, మెంతికూర ఒకరోజు, బీరకాయ ఒకరోజు. ఎర్ర పుస్తకంలో ఆమె పేరు పూర్తిగా రాశాను.

బాలింతని చూడ్డానికి వెళ్లేటప్పుడు నేనిప్పుడు ఏం పట్టుకెళ్తానంటే, ఉతికి ఎండబెట్టిన మెత్తని నూలు గుడ్డలు డజను, గొట్టం ఉన్న నీళ్ల సీసా ఒకటి, పడుకునే తాగొచ్చని. బీపీ, షుగరు లేదని, డాక్టరు సరేనన్నారని కనుక్కున్నాకే కాయం. బిడ్డకి ఏమైనా కొనాలనిపిస్తే ఏటికొప్పాక లక్క గిలక. అంకుడు కర్ర, చెట్ల రంగులు, నోట్లో పెట్టుకున్నా భయం తక్కువ. పెద్దపిల్ల ఉన్న ఇల్లైతే ఆ పిల్లని సాయంత్రం మా ఇంటికి తీసుకొచ్చేస్తాను. వెళ్లగానే చేతులు సబ్బుతో కడుక్కుంటాను. ఇరవై నిమిషాలకంటే కూర్చోను, అంట్లుంటే మాత్రం గంటైనా ఉంటాను.

మీ వీధిలో, మీ ఫ్లాట్లలో ఈ వారం ఎవరైనా బిడ్డని ఎత్తుకుని ఆసుపత్రి నుంచి ఇంటికి వస్తే, గౌను కొనేముందు ఒక్క ఫోను చెయ్యండి. ఏ పూట కూర తేవాలో అడగండి. ఆమె "ఎందుకండీ, పర్లేదు" అంటుంది. అయినా తీసుకెళ్లండి.