పాస్టరు అంటే మేపేవాడు



మా ఊళ్లో చిన్నపిల్లలు కూడా నన్ను "పాస్టరు గారూ" అని పిలుస్తారు. ఈ ఇంగ్లీషు మాట అసలు లాటిన్ భాషది. లాటిన్‌లో 'పాస్కెరె' అంటే మేపడం, 'పాస్టర్' అంటే మేపేవాడు. గొర్రెలు మేపుకునే మనిషిని రోమీయులు అలా పిలిచేవారు. పచ్చికబీడుకు ఇంగ్లీషులో ఉన్న 'పాశ్చర్' అనే పేరు కూడా ఈ మూలం నుంచే వచ్చింది. పాస్టర్ అనే మాట ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దంలో ఇంగ్లీషుకు చేరింది.

యోహాను సువార్త 21వ అధ్యాయంలో ప్రభువు పేతురుకు తన మందను మూడుసార్లు అప్పగించాడు. అక్కడ గ్రీకులో రెండు క్రియలున్నాయి: ఒకటి మేపడం, ఇంకొకటి కాయడం. క్రీ.శ. 4వ శతాబ్దం చివర జెరోము సరిదిద్దిన లాటిన్ సువార్తలో మాత్రం మూడుసార్లూ 'మేపు' అనే ఉంది.

మన తెలుగు 'కాపరి' కాచేవాడు. కాయడం నాకు బాగానే వచ్చు. ఆదివారం ఎవరు రాలేదో ఇట్టే చెప్పగలను. కానీ వాక్యం సిద్ధపడకుండా ప్రసంగానికి నిలబడిన ఆదివారాలూ ఉన్నాయి. ఆ రోజు వచ్చినవాళ్లు ఆకలితోనే ఇంటికి వెళ్లారు.

మందను లెక్కపెట్టడం మేపడం కాదు. మీ పాస్టరు కోసం ప్రార్థించండి.