రాజుల శివంగులు

విశాఖపట్టణమునుండి ఆనందపురము మీదుగా విజయనగరము పోవు త్రోవ మనకు చిరపరిచితము. ఆ కాలమున ఈ త్రోవకు ఒక కొసను గవర్నరు ఏజెంటు కచేరియు, మరియొక కొసను విజయనగర ప్రభువుల కోటయు ఉండెడివి. 1880లో ఈ రెంటిని ముడివేసిన విషాదమొకటి జరిగెను. విజయనగర రాజు పెంచిన వేటశివంగి ఏజెంటు ఓ. బి. ఇర్విన్ దొరపై బడగా ఆయన మరణించెను. మన దేశమున శివంగి నరుని చంపినట్లు చరిత్రకెక్కిన ఉదంతము ఇదియొక్కటే యని చెప్పుదురు. చంపినది అడవిలోని మృగము గాక, రాజు పెంచిన మృగమగుట గమనింపదగినది.

శివంగి యనగా నేడు కొందరు ఆడసింహమని తలంతురు. పూర్వము ఆ మాటకు వేటకు వాడు చీతా అని అర్థము. చిరుతపులి వేరు, ఇది వేరు. సన్నని నడుము, కన్నులనుండి నోటివరకు దిగిన నల్లని చారలు దీని గురుతులు.

తల్లియొద్ద వేట నేర్వని కూన రాజులకు పనికిరాదు. కావున శివంగులు మరల మరల వచ్చు చెట్లకడ ఉచ్చులు పన్ని, ఎదిగినవానినే పట్టెడివారు. కన్నులకు గంతలు కట్టి, మంచమునకు బంధించి, మనుష్యుల సందడికి అలవాటుపరచి, కొన్ని నెలలకు లొంగదీసెడివారు. పిమ్మట ఎద్దుబండిపై బయలునకు గొనిపోయి, కృష్ణజింక కానరాగానే గంతలు విప్పెడివారు. శివంగి జింకను పడగొట్టిన వెంటనే, గరిటెతో నెత్తురు చూపి దానిని ఏమార్చి, మరల గంతలు తొడిగెడివారు.

ఇంత నేర్పు గలవారికిని ఒక్కటి సాధ్యము కాలేదు. అక్బరు చక్రవర్తి కడ ఒక సమయమున 1,000 శివంగులు ఉండెనని ఆయన కుమారుడు జహంగీరు వ్రాసెను. అవి చెరలో ఈనవనియు, ఒక్కసారి మాత్రము పట్టీ తప్పించుకొనిన మగది ఆడదానిని చేరగా మూడు కూనలు పుట్టెననియు ఆయనయే తెలిపెను. మరల చెరలో శివంగి ఈనుట 1956లో, అమెరికాలోని ఫిలడెల్ఫియా జంతుశాలలో జరిగెను.

మచ్చిక వేరు, పెంపుడు జాతి వేరు. ఆవును కుక్కను మానవుడు వేలయేండ్లుగా తన యింటనే తరతరములు పెంచెను. శివంగినో, ప్రతి తరమునను అడవినుండి క్రొత్తగా తేవలసియుండెను. ఒక్కొక్కటి పోయినకొలది అడవి వట్టిపోయెను. దానికి తోడు బీళ్ళు సాగులోనికి వచ్చెను, జింకలు తగ్గెను, తుపాకులు పెరిగెను. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానమున మూడు శివంగులను ఆ రాజు ఒక్కరాత్రి కాల్చెను. 1952లో ఆ జాతి మన దేశమున అంతరించినట్లు ప్రకటింపబడెను.

అడవి మృగములను పట్టి యింట నుంచుకొనుటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము నిషేధించినది. 2022లో నమీబియానుండి ఎనిమిది శివంగులను మధ్యప్రదేశమునకు విమానమున రప్పించితిమి. ఒకనాడు వేలకొలది కట్టివేసుకొనిన ప్రాణిని నేడు సముద్రములు దాటించి యాచించి తెచ్చుకొనవలసి వచ్చినది. రాజుల ముచ్చటకు మనము చెల్లించిన మూల్యమిది.