తెలుగు పత్రికారంగం: ఆర్థిక ఒత్తిళ్లు, డిజిటల్ మార్పు

తెలుగు దినపత్రికకు పాఠకుడు పూర్తి ఖరీదు చెల్లించిన రోజంటూ దాదాపు లేదు. కాగితం, సిరా, జీతాలు, రవాణా, ఏజెంటు కమిషను కలిపితే ఒక ప్రతికి అయ్యే ఖర్చులో కొంత మాత్రమే చందాగా వచ్చేది. మిగతాది ప్రకటనలు, యజమాని నడిపే మరో వ్యాపారం, ప్రభుత్వ ఖజానా భరించాయి. అందువల్ల తెలుగునాట పత్రికలు మూతపడిన సందర్భాలు చూస్తే, పాఠకులు విడిచిపెట్టి పోయినవాటికంటే వెనకున్న పెట్టుబడి ఎండిపోయినవే ఎక్కువగా కనిపిస్తాయి. ఇంటర్నెట్ కొట్టిన దెబ్బ కూడా ముందుగా తగిలింది చదువరుల మీద కాదు, ప్రకటనల మీద.

పోషకుల యుగం

కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టిన ఆంధ్రపత్రిక 1914లో మద్రాసులో దినపత్రిక అయింది. దాన్ని నిలబెట్టింది ఆయన అమృతాంజనం వ్యాపారపు లాభాలు. 1924లో మొదలైన సాహిత్య మాసపత్రిక భారతికి కూడా అదే ఆధారం. నిజాం రాష్ట్రంలో సురవరం ప్రతాపరెడ్డి సంపాదకత్వంలో 1926లో వెలువడిన గోలకొండ పత్రిక దాతల చేయూతతో నడిచింది. తెలుగు చదవగలిగినవారే కొద్దిమంది ఉన్న చోట చందాలతో పత్రిక నడపడం అసాధ్యం.

1938లో మద్రాసు నుంచి వచ్చిన ఆంధ్రప్రభకు రామ్‌నాథ్ గోయెంకా, 1960లో విజయవాడ నుంచి వచ్చిన ఆంధ్రజ్యోతికి కె.ఎల్.ఎన్. ప్రసాద్ పెట్టుబడి పెట్టారు. ఆ పత్రికలకు సంపాదకుడైన నార్ల వెంకటేశ్వరరావు సంపాదకీయాల కోసం పత్రిక కొన్నవారు వేలల్లో ఉండేవారు. ఆ వేలమందైనా ముద్రణ ఖర్చును పూర్తిగా భరించగలిగారని చెప్పలేం.

కాగితం కరవు

పత్రికను అన్నిటికంటే తేలిగ్గా లొంగదీసేది న్యూస్‌ప్రింట్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో దిగుమతులు దెబ్బతిని పేజీలు తగ్గాయి. స్వాతంత్ర్యం తర్వాత విదేశీ మారకద్రవ్యం కొరత వల్ల కాగితం కోటాల్లోకి వెళ్లింది. 1972–73 విధానం కింద కేంద్రం పత్రికలకు 10 పేజీల పరిమితి పెట్టగా, బెనెట్ కోల్మన్ కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. ఆ వెంటనే 1973 చమురు సంక్షోభం వచ్చిపడింది. కోర్టు తీర్పు పేజీలు పెంచుకునే స్వేచ్ఛ ఇచ్చింది గానీ కాగితం ధర తగ్గించలేదు.

జిల్లా పేజీల విప్లవం

రామోజీరావు ఈనాడును 1974 ఆగస్టు 10న విశాఖపట్నంలో ప్రారంభించారు. అంతవరకూ ఉత్తరాంధ్రకు తెలుగు దినపత్రికలు విజయవాడ నుంచి రావలసిందే, అదీ పొద్దెక్కాక. తెల్లవారేసరికి గుమ్మంలో పేపరు ఉండాలన్నది ఈనాడు పట్టు. తర్వాత 1989లో జిల్లా అనుబంధాలు మొదలయ్యాయి. చిన్న సైజు పేజీలు కావడంతో వీటికి టాబ్లాయిడ్ అన్న పేరు స్థిరపడింది. మండల కేంద్రంలో మంచినీళ్ల బోరు చెడిపోవడం, పంచాయతీ సమావేశంలో గొడవ, పదో తరగతి ర్యాంకరు ఫోటో అన్నీ అచ్చయ్యాయి. తన ఊరి పేరు పేపర్లో చూసుకోవడం అప్పటివరకూ పల్లెటూరివాడికి తెలియని అనుభవం.

ఇందులో వ్యాపార సూత్రం కూడా ఉంది. రాష్ట్రమంతటా ప్రకటన వేయించే స్తోమత లేని బట్టల కొట్టు, నర్సింగ్ హోమ్, ట్యుటోరియల్ కాలేజీ జిల్లా పేజీలో వేయించుకోగలిగాయి. అక్షరాస్యత కూడా కలిసొచ్చింది. 1991 జనాభా లెక్కల్లో ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44 శాతం, 2001లో 60 శాతం. కొత్తగా చదువు నేర్చినవారి చేతికి అందిన తొలి అచ్చు కాగితం చాలాచోట్ల ఈ జిల్లా పేజీయే.

నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేకోద్యమం అక్షరాస్యత, జిల్లా పేజీల కలయికకు మంచి ఉదాహరణ. కూలి డబ్బు సారాకు పోతుంటే ఆకలితో ఉన్న ఇళ్ల ఆడవాళ్లు, వయోజన విద్య పాఠాల ప్రేరణతో 1991–92లో సారా పాకల మీదికి వెళ్లారు. జిల్లా పేజీలు ఒక ఊరి కబురును మరో ఊరికి మోశాయి. ఉద్యమాన్ని పత్రికలు పుట్టించాయనడం అతిశయోక్తి; అది ఊరూరా పాకడానికి దారి వేశాయనడం న్యాయం. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం విధించిన సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఖజానా తట్టుకోలేక 1997లో ఆ నిషేధాన్ని చాలావరకు సడలించారు.

మరోవైపు పెట్టుబడి ఆగితే ఏమవుతుందో అదే దశాబ్దం చూపించింది. దాసరి నారాయణరావు 1984లో ప్రారంభించిన ఉదయం, మంచి పాఠకాదరణ ఉండి కూడా, చేతులు మారి 1995లో మూతపడింది. ఆంధ్రపత్రిక, భారతి 1991లో ఆగిపోయాయి. ఆంధ్రజ్యోతి 2000లో మూతపడి, వేమూరి రాధాకృష్ణ యాజమాన్యంలో 2002 అక్టోబరులో తిరిగి వచ్చింది. ఈనాడుకు మాత్రం మార్గదర్శి చిట్‌ఫండ్స్, ప్రియ పచ్చళ్లు వంటి సోదర సంస్థల అండ ఉంది.

వారపత్రికల పతనం

డిజిటల్ కంటే ముందు ఉపగ్రహ టీవీ వచ్చింది. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాయి. వారం వారం యద్దనపూడి సులోచనారాణి, యండమూరి వీరేంద్రనాథ్ సీరియళ్ల కోసం ఎదురుచూసిన పాఠకులకు, ముఖ్యంగా గృహిణులకు, అదే ఉత్కంఠ రోజూ సాయంత్రం ఇంట్లోకే, అదనపు ఖర్చు లేకుండా వచ్చేసింది. వారపత్రికలు ఒకటొకటిగా పలచబడ్డాయి. స్వాతి లాంటి కొద్దిపాటివే నిలదొక్కుకున్నాయి. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి ప్రారంభించిన చందమామ 2007లో ముంబైకి చెందిన జియోడెసిక్ చేతికి వెళ్లింది. కొన్నది సాఫ్ట్‌వేర్ కంపెనీ కాబట్టి చందమామ డిజిటల్ రూపంలో బతుకుతుందని చాలామంది ఆశపడ్డారు. ఆ కంపెనీయే అప్పుల్లో కూరుకుపోవడంతో పత్రిక కూడా ఆగిపోయింది. ఇండియా టుడే తెలుగు ఎడిషన్ 2015లో మూతపడింది. 1978 నుంచి నెలకో నవల ఇచ్చిన చతుర, అనువాద కథలకు వేదికైన విపుల 2021లో ఆగాయి.

అక్షరం తెరమీదికి

కంప్యూటర్ ముందుగా తీసింది కంపోజిటర్ల ఉద్యోగాలను. గుణింతాలు, ఒత్తులు కలిపి వందల గళ్ల పెట్టెల నుంచి సీసపు అక్షరాలు ఏరే పని తరాలుగా నేర్చిన విద్య. ఫోటో కంపోజింగ్, ఆ తర్వాత డీటీపీ రావడంతో ఆ విద్యకు విలువ లేకుండా పోయింది.

వెబ్‌కు వచ్చేసరికి అడ్డంకి వేరు. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటికే ఉన్నా, పత్రికల సైట్లు చాలాకాలం సొంత ఫాంట్లలోనే నడిచాయి. ఫాంట్ దించుకోకపోతే తెరమీద అర్థంకాని గుర్తులు కనిపించేవి. ఒక సైట్ ఫాంట్ మరోదానికి పనికిరాదు. వాటిని యూనికోడ్‌లోకి మార్చడానికి ఔత్సాహికులు పద్మ అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింతను తయారుచేశారు. ఈలోగా జరిగిన నష్టం పెద్దది: సెర్చి ఇంజన్లకు ఆ రాతలు తెలుగుగా కనిపించనేలేదు. అమెరికాలోని తెలుగువారు 1998లో ప్రారంభించిన ఈమాట వంటి వెబ్ పత్రికలు మాత్రం సాహిత్యానికి అచ్చు ఖర్చు లేని చోటు చూపించాయి.

అప్పులు, పోటీ, పెయిడ్ న్యూస్

2004లో టీవీ9 వచ్చి వార్తను 24 గంటల సరుకు చేసింది. 2008 మార్చి 24న సాక్షి 23 కేంద్రాల నుంచి, అన్ని పేజీలూ రంగుల్లో, 2 రూపాయలకు వచ్చింది. అది వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి సంస్థ; అప్పుడాయన తండ్రి ముఖ్యమంత్రి. రంగుల పోటీ, ధరల పోటీ అన్ని పత్రికల ఖర్చూ పెంచాయి. అదే ఏడాది ప్రపంచ ఆర్థిక మాంద్యం వల్ల ప్రకటనలు తగ్గాయి. రియల్ ఎస్టేట్, చిట్టీలు, ఎంసెట్ ర్యాంకుల పేజీలకు పేజీలు వేయించే కార్పొరేట్ కాలేజీలు లేకపోతే ఆ కాలం గడిచేది కాదు.

2009 ఎన్నికల్లో అభ్యర్థుల ప్రకటనలు వార్తల రూపంలో అచ్చయిన తీరును ఆంధ్రప్రదేశ్ వర్కింగ్ జర్నలిస్టుల సంఘం బయటపెట్టింది. ప్రెస్ కౌన్సిల్ విచారణకు ఆ సమాచారం ఉపకరించింది. దక్కన్ క్రానికల్ సంస్థ ఐపీఎల్ జట్టుతో సహా చేతికందిన వ్యాపారమంతా చేసి 2012 నాటికి అప్పుల్లో చిక్కుకుంది. దాని తెలుగు పత్రిక ఆంధ్రభూమి ఆ భారాన్ని మోసింది. రామోజీ గ్రూపు సైతం తెలుగేతర ఈటీవీ చానెళ్లను నెట్‌వర్క్18కు వదులుకోవలసి వచ్చింది.

చౌక డేటా తర్వాత

టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ లెక్కల ప్రకారం 2014లో సగటున 269 రూపాయలున్న ఒక జీబీ డేటా 2018లో 12 రూపాయల దగ్గరికి దిగింది. ఆ మధ్యలో, 2016 సెప్టెంబరులో, జియో వచ్చింది. అదే ఏడాది నవంబరులో పెద్ద నోట్ల రద్దుతో చిన్న వ్యాపారుల ప్రకటనలు పడిపోయాయి. 2010ల మధ్యలో 18 లక్షల ప్రతులను అందుకున్న ఈనాడు సర్క్యులేషన్ ఆ స్థాయికి మళ్లీ చేరలేదు.

ఉచిత ఎస్ఎంఎస్‌లతో పేరు తెచ్చుకున్న హైదరాబాద్ సంస్థ వే2ఎస్ఎంఎస్, వాట్సాప్ రాకతో ఆ వ్యాపారం పోయాక, పొట్టి వార్తల యాప్ వే2న్యూస్‌గా మారింది. రామోజీ గ్రూపు 2019లో 13 భాషల్లో ఈటీవీ భారత్ తెచ్చింది. పోటీ పరీక్షలకు చదివే నిరుద్యోగ యువత పేపరుకు చివరిదాకా అంటిపెట్టుకున్న వర్గం. హైదరాబాద్ చిక్కడపల్లి గ్రంథాలయంలో పత్రికల విద్యా పేజీలు కత్తిరించి దాచుకునేవారు. వారూ క్రమంగా టెలిగ్రామ్ పీడీఎఫ్‌లకు, యూట్యూబ్ పాఠాలకు మళ్లారు.

సమాజంలో మారిన ముఖ్యమైన సంగతి, ఎవరు మాట్లాడతారన్నది. వీ6 చానెల్ తీన్మార్ వార్తలు తెలంగాణ ఇంటి యాసను వార్తాపీఠం ఎక్కించాయి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి నడిచే మై విలేజ్ షో యూట్యూబ్ చానెల్‌లో కూలి పనులు చేసుకున్న గంగవ్వ లక్షలాదిమందికి తెలిసిన ముఖమైంది. గల్ఫ్ వలసలకు పేరుపడ్డ ప్రాంతం అది. దుబాయ్ లేబర్ క్యాంపులో ఉన్నవాడికి ఊరి పేపరు అందదు, ఊరి వీడియో అందుతుంది. జిల్లా పేజీ చేసిన పనిని ఫోన్ ఇంకా దూరం తీసుకెళ్లింది. కాకపోతే ప్రకటన డబ్బులో పెద్ద వాటా గూగుల్, ఫేస్‌బుక్‌లకు చేరుతోంది.

2020 మార్చి లాక్‌డౌన్ పాత లెక్కలన్నిటినీ ఒకేసారి తారుమారు చేసింది. పేపరు మీద వైరస్ ఉంటుందన్న పుకారుతో అపార్ట్‌మెంట్లు పేపర్ బాయ్‌లను గేటు దగ్గరే ఆపేశాయి. పలు పత్రికలు టాబ్లాయిడ్లను ప్రధాన సంచికలో కలిపేసి, పేజీలు, జీతాలు, మనుషులు తగ్గించాయి. ఆంధ్రభూమి ముద్రణ అప్పుడు ఆగి మళ్లీ మొదలు కాలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో రష్యా కాగితం సరఫరా దెబ్బతిని న్యూస్‌ప్రింట్ ధర దాదాపు రెట్టింపయింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం, పేపరు కొనుక్కోమని గ్రామ, వార్డు వలంటీర్లకు నెలకు 200 రూపాయలు మంజూరు చేసింది. ఆ సొమ్ము సాక్షి సర్క్యులేషన్ పెంచడానికేనంటూ ఈనాడు యాజమాన్యం కోర్టుకెక్కింది. సుప్రీంకోర్టు కేసును ఢిల్లీ హైకోర్టుకు బదిలీ చేసింది. ఖజానా చందాదారు కావడం కొత్త కాదు, ఇంత బాహాటంగా కావడం కొత్త.

కంట్రిబ్యూటర్

ఈ మార్పులన్నిటి బరువూ చివరికి పడేది మండల విలేకరి మీద. ఇతన్ని కంట్రిబ్యూటర్ అనీ స్ట్రింగర్ అనీ అంటారు. జీతం ఉండదు; అచ్చయిన రాతను కొలిచి ఇచ్చే లైన్ అకౌంట్ ఉంటుంది. 2014లో సుప్రీంకోర్టు సమర్థించిన మజీఠియా వేతన సంఘం సిఫారసులు ఇతని దాకా రాలేదు. ప్రకటనల టార్గెట్ మాత్రం వచ్చింది: సంక్రాంతికి, ఉగాదికి, పత్రిక వార్షికోత్సవానికి సర్పంచి నుంచి, మిల్లు యజమాని నుంచి, ప్రైవేటు బడి నుంచి ఇంత తేవాలి. ఎవరి మీద రాయాలో వారినే ప్రకటన అడగాల్సిన పరిస్థితి ఇది. ఫోన్లు వచ్చాక టార్గెట్ పోలేదు, పని పెరిగింది. వార్తతోపాటు వీడియో, ఫోటో, వెబ్‌కు వెంటనే నాలుగు ముక్కలు పంపాలి. పత్రికలో చోటు తగ్గాక చాలామంది సొంత యూట్యూబ్ చానెల్, వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు. అక్కడ ఆదాయం నాయకుల పుట్టినరోజు శుభాకాంక్షల పోస్టర్ల నుంచి, ప్రారంభోత్సవాల లైవ్‌ల నుంచి వస్తుంది. కేసు పడితే అండగా నిలిచే యాజమాన్యం లేదు, రాసింది సరిచూసే డెస్క్ లేదు. అక్రెడిటేషన్ కార్డు ఎవరికివ్వాలన్న నిబంధనల మీద ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండు రాష్ట్రాల్లోనూ జర్నలిస్టు సంఘాల వాదన సాగుతూనే ఉంది.